బట్ట బొమ్మ మెడ ఎందుకు వాలిపోతుంది? చేత్తో కుట్టే అమ్మకు జవాబు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. పాపకు 14 నెలలు. ఇంట్లో మిషన్ లేదు కాబట్టి చేత్తోనే ఒక మెత్తటి బట్ట బొమ్మ కుట్టారు. ముద్దుగానే వచ్చింది. కానీ రెండు రోజులకే తల పక్కకు వాలిపోయింది, చంక దగ్గర కుట్టు విడిపోయి లోపలి దూది బయటకు తొంగిచూస్తోంది. పాప దాన్ని నోట్లోంచి తియ్యడం లేదు, అందుకే మీకు టెన్షన్. ఏ బట్ట మంచిది, లోపల ఏం కూరాలి, కళ్ళకు బొత్తాలు పెట్టొచ్చా, మీ చెల్లెలి అయిదు నెలల బాబుకు కూడా ఒకటి ఇవ్వొచ్చా, చెయ్యి తిరిగాక అమ్ముకోవచ్చా అని అడిగారు.

మాది హిందూపురం. పెళ్ళయి బెంగళూరు వచ్చాక మా అమ్మాయి కోసం మొదలుపెట్టి, 22 ఏళ్ళుగా బట్ట బొమ్మలు కుడుతున్నాను. బాగు చెయ్యమని నా దగ్గరకు వచ్చే బొమ్మల్లో సగానికి పైగా మెడ పోయినవే ఉంటాయి. మొహం బాగా లేదని బొమ్మను పక్కన పడేసిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. కానీ ఏ పిల్లయినా బొమ్మను మెడ దగ్గరే పట్టుకుంటుంది, అలాగే ఇల్లంతా ఈడుస్తుంది. అందుకే మెడతోనే మొదలుపెడతాను.

మీరు కాగితం మీద గీసిన మెడ, కూరిన తర్వాత ఉండే మెడ ఒకటి కాదు. రెండు బట్టలు కలిపి కుట్టి లోపల కూరితే అది గొట్టంలా గుండ్రంగా ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ వెడల్పు తగ్గుతుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పున కుట్టిన మెడ గట్టిగా కూరాక అంగుళం కూడా మిగలదు. తలేమో నాలుగంగుళాల గుండ్రం గీస్తే మూడంగుళాల బంతి అవుతుంది. అంత బంతిని అంగుళం లేని మెడ ఎన్నాళ్ళు మోస్తుంది? తల వెడల్పులో సగానికి తగ్గకుండా మెడ గీయండి. నాలుగంగుళాల తలకు రెండు, వీలైతే రెండుంపావు. కాగితం మీద చూస్తే మరీ లావుగా, పహిల్వాన్ మెడలా కనిపిస్తుంది. భయపడకండి, కూరాక సరిపోతుంది. మెడ నుంచి భుజానికి తిరిగే చోట కోణంగా కాకుండా వంపుగా గీయండి. కోణం ఉన్న చోటే బట్ట చిరుగుతుంది.

రెండో తప్పు కూరే పద్ధతిలో ఉంటుంది. చాలామంది తల నింపేస్తారు, తర్వాత ఒళ్ళు నింపుతారు, మెడలో చిన్న చిన్న ఉండలు కుక్కుతారు. ఆ ఉండలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. నాలుగు రోజులు పాప నలిపేసరికి ఉండలు పైకీ కిందికీ జరిగిపోతాయి, మధ్యలో ఖాళీ బట్ట మిగులుతుంది. తల అక్కడ మడత పడుతుంది. మీ బొమ్మ మెడను రెండు వేళ్ళతో నొక్కి చూడండి, వేళ్ళు ఒకదానికొకటి తగులుతాయి.

దీనికి నేను చేసేది ఒక వత్తి. దీపానికి వత్తి చేసినట్టే, కాకపోతే లావుగా. ఉతికిన పాత బనియన్ ముక్క జానెడు పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పున కత్తిరించండి. దాని మీద దిండ్లలో కూరే పాలిస్టర్ ఫైబర్ పల్చగా పరిచి, చాప చుట్టినట్టు బిగించి చుట్టండి. విప్పుకోకుండా నాలుగైదు కుట్లు వేయండి. లావు మెడకంటే ఒక పిసరు ఎక్కువే ఉండాలి. ఇప్పుడు తల పూర్తిగా నింపకండి. అంచుల వెంట చుట్టూ కూరి, మధ్యలో గుంట వదలండి. వత్తిని ఆ గుంటలోకి, తల సగం దాకా వెళ్ళేలా నెట్టండి. అది మెడ దాటి గుండెల దాకా రావాలి. వత్తి చుట్టూ తలలో ఇంకాస్త కూరి బిగించాక, అప్పుడు భుజాలు, ఒళ్ళు. అయిపోయాక నడుము దగ్గర పట్టుకుని గట్టిగా ఊపండి. తల ఒళ్ళుతోపాటే కదలాలి. విడిగా ఊగితే ఇంకా చాలలేదని అర్థం.

మెడ నిలబడటానికి ఐస్‌క్రీం పుల్ల, పెన్సిల్ ముక్క, తీగ పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. పిల్ల బొమ్మ మీద పడితే పుల్ల విరిగి బట్టలోంచి పొడుచుకొస్తుంది.

చంక దగ్గర కుట్టు విడిపోవడానికి కారణం వేరే. చంకలు, మెడ వంపులు, కాళ్ళ మధ్య భాగం లోపలికి తిరిగే వంపులు. తిరగేసినప్పుడు ముడతలు రాకుండా అక్కడ కత్తెరతో గాట్లు పెట్టాలి. గాటు పెట్టిన చోట బట్ట బలం తగ్గుతుంది. మీరు బహుశా ఒంటి పేట దారంతో ఒక్కసారే కుట్టి, గాటు కుట్టు దాకా తీసుకెళ్ళి ఉంటారు. ఇకమీద ఇలా చేయండి. కుట్టు బయట పావు అంగుళం బట్ట వదలండి. బొమ్మ చుట్టూ వెనక కుట్టు, అంటే బ్యాక్ స్టిచ్, అంగుళానికి ఎనిమిది నుంచి పది వచ్చేంత దగ్గరగా వేయండి. వంపుల దగ్గర దాని మీదే ఇంకోసారి వేయండి. ఆ తర్వాతే గాట్లు, అవి కూడా కుట్టుకు ఒక బియ్యపు గింజ మందం దూరంలో ఆగిపోవాలి. వంపులో మూడు గాట్లు చాలు.

దారం మామూలు పాలిస్టర్ కుట్టు దారం, రెండు పేటలు. మూరెడు మించి తీసుకోకండి, పొడవు ఎక్కువైతే చిక్కు పడుతుంది, ప్రతిసారీ బట్టలోంచి లాగి లాగి అరిగిపోతుంది కూడా. ఒక వైపు కుట్టాక రెండు బట్టలనూ అటూ ఇటూ లాగి వెలుతురుకు ఎత్తి చూడండి. కుట్ల మధ్య వెలుతురు చుక్కలు కనిపిస్తే దూది కూడా అక్కడినుంచే వస్తుంది. పరుగు కుట్టు, అదే రన్నింగ్ కుట్టు, గౌను అంచుకు పనికొస్తుంది కానీ బొమ్మ ఒంటికి వద్దు.

బొమ్మల భద్రతకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 9873. ఇలాంటి పరీక్షల్లో కుట్టును పట్టుకుని దాదాపు 7 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగి చూస్తారు. ఇంట్లో అంత లెక్క అక్కర్లేదు. రెండు చేతులతో చెయ్యి, ఒళ్ళు పట్టుకుని, తడి చీర పిండేటప్పుడు పెట్టే బలం పెట్టి లాగండి. మీ చేతిలో విడిపోతే మళ్ళీ కుట్టుకోవచ్చు. పాప చేతిలో విడిపోతే ఆ దూది నోట్లోకి వెళ్తుంది.

ఇక బట్ట. ఒంటికి నేత దగ్గరగా ఉన్న నూలు బట్ట కావాలి. కేంబ్రిక్ లేదా పాప్లిన్ మొదటి బొమ్మకు చాలా మంచివి. చిక్‌పేట మెట్రో స్టేషన్లో దిగితే చుట్టూ ఉన్న సందుల్లో, అవెన్యూ రోడ్డు వైపు బట్టలు, దారాలు, లేసులు అన్నీ దొరుకుతాయి. తెలుగులో అడిగినా చెప్పేవాళ్ళు ఉంటారు. ఒక బొమ్మకు అర మీటరు తీసుకుంటే ఒకటి పాడైనా ఇంకోటి కుట్టుకోవడానికి మిగులుతుంది. మల్‌మల్ మెత్తగా ఉంటుంది కానీ పల్చన, లోపలి ఫైబర్ పోగులు బయటకు వస్తాయి. బనియన్ బట్ట సాగుతుంది, మొదటిసారికి వద్దు. మీరు గీసిన పాప కూరేసరికి గుమ్మడికాయ అవుతుంది.

కత్తిరించేటప్పుడు పడుగు పోగులు బొమ్మ నిలువునా రావాలి. బట్టను రెండు వైపులా లాగి చూస్తే ఏ వైపు తక్కువ సాగుతుందో అదే పడుగు. ఐమూలగా వేసి కత్తిరిస్తే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అవుతాయి. కత్తిరించే ముందు బట్టను ఉతికి ఆరేయడం మర్చిపోకండి. కొత్త బట్టలో గంజి ఉంటుంది, ముడుచుకునేది ముందే ముడుచుకోవాలి. తర్వాత తడి తెల్ల రుమాలుతో ఆ బట్టను పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే ఆ బట్ట నోట్లో పెట్టుకునే పిల్లకు వద్దు. ఉప్పు, వెనిగర్ వేసి నానబెడితే రంగు నిలుస్తుందని అంటారు, ఇప్పటి రంగులకు అది పనిచెయ్యదు.

అమ్మమ్మ చీరతో కుట్టాలని ఉందని రాశారు. తప్పకుండా కుట్టండి, దానికి మించిన మెత్తదనం కొత్త బట్టలో రాదు. అయితే ఏళ్ళ తరబడి ఉతికిన చీర కుట్టు దగ్గర పుటుక్కున పోతుంది. కింద ఒక పొర కేంబ్రిక్ పెట్టి రెండూ కలిపి ఒక్క బట్టలా వాడండి. జరీ అంచు మాత్రం తీసేయండి, ఆ తీగ పోగులు చిగుళ్ళకు గీసుకుంటాయి. కలంకారీ, ఇక్కత్ లాంటివి గౌనుకు బాగుంటాయి. ఇక్కత్‌లో నేత వదులుగా ఉన్న రకాలు అంచుల్లో పోగులు రాలుస్తాయి కాబట్టి అంచు రెండు మడతలు పెట్టి కుట్టండి.

రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం. దుకాణంలో స్కిన్ కలర్ అని అడిగితే చాలాసార్లు లేత గులాబీ బట్ట తీసి పెడతారు. మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలది ఆ రంగు? ఒకసారి మా వీధిలో నాలుగేళ్ళ పాపకు బాదం పొట్టు రంగు కేంబ్రిక్‌తో బొమ్మ కుట్టి ఇచ్చాను. ఆ పిల్ల గౌను చూడలేదు, జడ చూడలేదు. బొమ్మ చెయ్యి తీసుకుని తన మోచేతి పక్కన పెట్టుకుంది. కాసేపు అలాగే చూసి, వాళ్ళమ్మ దగ్గరకు పరిగెత్తి "ఇది నేనే" అంది. అప్పటినుంచి ఎవరు అడిగినా ముందు వాళ్ళ పిల్ల చెయ్యి ఫొటో పంపమంటాను. మీరు పాపను ఎత్తుకుని దుకాణానికి వెళ్ళండి, బట్ట తానును పాప చెయ్యి పక్కన పెట్టి చూసుకుని కొనండి.

కూరడానికి పాలిస్టర్ ఫైబర్ నా మొదటి మాట. నూలు దూది సహజమైనదే, పట్టుకుంటే బరువుగా, హాయిగా ఉంటుంది. కానీ ఉతికితే గడ్డలు కడుతుంది, బెంగళూరు వానల్లో ఆరదు. మీ పాప బొమ్మను నములుతోంది కాబట్టి వారానికోసారైనా ఉతకాలి, అందుకే ఫైబర్. మందుల షాపు దూది అసలు వద్దు, తడిస్తే ముద్ద అవుతుంది. బూరుగు దూది పొగలా ఎగురుతుంది, ముక్కుల్లోకి వెళ్తుంది. పాత దిండులోది తీసి వాడకండి, ఏళ్ళ దుమ్ము అందులో ఉంటుంది. ఆవాలు, రాగులు, బియ్యం పోసి బరువు తెప్పించే పద్ధతి ఉంది, అది మూడేళ్ళలోపు పిల్లలకు వద్దు. తడిస్తే పురుగు పడుతుంది, కుట్టు పోతే గింజ గొంతులోకి వెళ్తుంది.

గుడ్డ పేలికలు కూడా వాడొచ్చు, అది మన అమ్మమ్మల పద్ధతి మాత్రమే కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి వచ్చిన రోమన్ల కాలం నాటి బట్ట బొమ్మ ఒకటి ఉంది, క్రీ.శ. 1 నుంచి 5వ శతాబ్దం మధ్యది. పైన నార బట్ట, లోపల గుడ్డ పేలికలు, పపైరస్ ముక్కలు. అన్ని వందల ఏళ్ళు నిలిచిందంటే పేలికలను తక్కువగా చూడలేం. కాకపోతే పేలికలను వేలి గోరంత ముక్కలుగా కత్తిరించాలి. పెద్ద ముక్కలైతే బొమ్మ ఒంటి నిండా బొడిపెలు తేలతాయి.

పన్నెండు అంగుళాల బొమ్మకు నాకు 80 నుంచి 100 గ్రాముల ఫైబర్ పడుతుంది. ముందు చేత్తో విడదీసి పొంగించండి, తర్వాత గుప్పెడు గుప్పెడుగా పెట్టండి. చిటికెడు చిటికెడుగా పెడితే అవే గడ్డలు. వేళ్ళ చివర్ల దాకా తోయడానికి మొన లేని పుల్ల, పెన్సిల్ వెనక వైపు చాలు. చేతులు, కాళ్ళు ముప్పాతిక వంతే నింపి, ఒంటికి కలిసే చోట అడ్డంగా ఒక వరుస కుట్టు వేస్తే బొమ్మ కూర్చుంటుంది.

కూరడానికి వదిలే సందు నడుము పక్కన, తిన్నగా ఉన్న చోట రెండున్నర అంగుళాలు ఉండాలి. వంపులో వదిలితే మూసేటప్పుడు ఏడిపిస్తుంది. మూసేది ఇలా. రెండు అంచులూ లోపలికి మడవండి. సూది ఇటు మడత లోపల చిన్న కుట్టు దూరం నడిపి, దానికి సరిగ్గా ఎదురుగా అటు మడతలోకి దించండి. అక్కడ కొంచెం నడిపి మళ్ళీ ఇటు. దారం నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది. నాలుగు మెట్లకు ఒకసారి లాగితే మెట్లు మాయమై అంచులు అతుక్కుంటాయి. చివర రెండు ముళ్ళు వేసి, సూదిని ఒంట్లోంచి గుచ్చి రెండు అంగుళాల అవతల తీసి, దారం లాగి పట్టుకుని కత్తిరించండి. తోక లోపలికి జారిపోతుంది.

మూసే ముందు సూదులు, గుండు సూదులు లెక్కపెట్టండి. ఎన్ని తీశారో అన్నీ పెట్టెలోకి రావాలి. నేను ఈనాటికీ పలక మీద అంకె రాసుకుని కూర్చుంటాను. బొమ్మ అయిపోయాక పాత స్పీకర్ అయస్కాంతం ఒంటి నిండా నొక్కి తిప్పుతాను.

బొత్తాల కళ్ళు వద్దమ్మా. ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అమ్మాయికి 11 నెలలప్పుడు నల్ల బొత్తాలు ఎనిమిదిసార్లు దారం తిప్పి కుట్టాను. ఒక మధ్యాహ్నం కాఫీ పెట్టుకుని వచ్చేసరికి పిల్ల బుగ్గ ఒక వైపు ఉబ్బి ఉంది. వేలు పెట్టి తీస్తే బొత్తం. దారం తెగలేదు, పిల్ల నమిలి నమిలి బట్టే చిరిగింది. ఆ తర్వాత మూడేళ్ళలోపు పిల్లల బొమ్మకు బొత్తం, పూస, గంట, పాంపాం అనే ఊలు బంతి, ఏదీ పెట్టలేదు. ఈ వయసు పిల్లల బొమ్మల పరీక్షకు 31.7 మి.మీ., అంటే ఒకటింపావు అంగుళం వెడల్పున్న గొట్టం వాడతారు. ఊడొచ్చిన ముక్క ఏదైనా అందులో పూర్తిగా ఇమిడిపోతే అది గొంతుకు అడ్డం పడే వస్తువు కిందే లెక్క. ఆ లెక్కన మామూలు బొత్తం ఏదీ పనికిరాదు.

కళ్ళు దారంతో కుట్టండి. యాంకర్ ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగుల్లో రెండు పోగులు చాలు. బట్ట కత్తిరించకముందే ఫ్రేముకు బిగించి కుట్టేస్తే ముళ్ళన్నీ లోపలికి వెళ్ళిపోతాయి. పెన్సిల్‌తో గీయండి, బాల్ పెన్ ఉతికితే పాకుతుంది. కళ్ళు తల సగం ఎత్తుకు కాస్త కిందుగా, ఎడంగా పెడితే చంటిపిల్ల మొహం వస్తుంది. పైకి, దగ్గరగా పెడితే పెద్దమనిషి మొహం. నల్ల దారం బదులు ముదురు కాఫీ రంగు వాడితే చూపు మెత్తగా ఉంటుంది. కుట్లు చిన్నవిగా వేయండి, పొడవు కుట్లు గోటికి తగులుకుంటాయి. ముడి కుట్లు పిల్ల పళ్ళకు దొరుకుతాయి కాబట్టి వద్దు. నోరు ఒక చిన్న గీత చాలు. పెద్ద నవ్వు కుడితే పిల్ల ఏడ్చినప్పుడు కూడా బొమ్మ నవ్వుతూనే ఉంటుంది. చిన్న గీత అయితే పిల్ల దాన్ని నవ్వించుకుంటుంది, ఏడిపించుకుంటుంది, నిద్రపుచ్చుకుంటుంది.

జుట్టుకు ఊలు ఇప్పుడే వద్దు. ఊడిన పోగు నోట్లోకి వెళ్ళడం ఒక సంగతి, చంటిపిల్లల వేలికి చుట్టుకుని రక్తం ఆగిపోయేలా బిగుసుకోవడం ఇంకో సంగతి. నల్ల బట్టను టోపీలా కత్తిరించి తలకు కుట్టేయండి, పాపిడి తెల్ల దారంతో కుట్టొచ్చు. మూడేళ్ళు దాటాక నూలు దారంతో జడలు వేసి, జడకుచ్చులు కూడా పెట్టండి. అప్పుడూ జడ గానీ రిబ్బను గానీ జానెడు దాటనివ్వకండి, మెడకు చుట్టుకునే పొడవు ఉండకూడదు.

ఉతికేటప్పుడు మామూలు సబ్బు నీళ్ళు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. క్లిప్పుతో చెవికో చేతికో వేలాడదీయకుండా ఉల్లిపాయల వల సంచిలో వేసి కట్టండి, అన్ని వైపులా గాలి తగులుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ రెండు రోజులు ఫ్యాను కింద ఉంచాల్సిందే. ఆరిందో లేదో పైన తాకితే తెలియదు. పొట్ట గట్టిగా నొక్కి పట్టుకుని మీ బుగ్గకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. అందుకే రెండు బొమ్మలు ఒకేలా కుట్టి పెట్టుకోమని అమ్మలందరికీ చెప్తాను. ఒకటి ఆరే రాత్రి ఇంకోటి ఉంటుంది.

మీ చెల్లెలి బాబు సంగతి. బొమ్మ ఇవ్వండి, కానీ మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే. ఏడాది నిండేదాకా ఉయ్యాలలో గానీ పక్క మీద గానీ నిద్రపోయేటప్పుడు ఏ మెత్తటి బొమ్మా పెట్టకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు. ముక్కు మీద పడితే ఆ వయసు బిడ్డ తోసేసుకోలేడు. వాడికి కాళ్ళు చేతులు లేకుండా, అరచేతిలో పట్టేంత చిన్న బొమ్మ కుట్టండి.

అమ్మడం గురించి క్లుప్తంగా. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తివాళ్ళు సొంతంగా తయారుచేసి అమ్మేవాటికి, చన్నపట్న చెక్క బొమ్మల్లా జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) ఉన్నవాటి నమోదిత తయారీదార్లకు మినహాయింపు ఇచ్చారు. అమ్మాలనుకుంటే ముందు ఆ నమోదు చేయించుకోండి. మీ పాపకూ బంధువుల పిల్లలకూ కుట్టి ఇవ్వడానికి ఇవేవీ అక్కర్లేదు.

ఇప్పుడు మీ దగ్గరున్న బొమ్మ. దాన్ని పడేయకండి, పాప దానికి అలవాటు పడిపోయింది. బొత్తాల కళ్ళు పెట్టి ఉంటే ఈ రాత్రే కత్తిరించి తీసేయండి. పాప నిద్రపోయాక బొమ్మ వీపు మీద, మెడకు అంగుళం కింద, నిలువుగా రెండున్నర అంగుళాలు కోయండి. మెడలో ఉన్న ఉండలన్నీ బయటకు తీయండి. వత్తి చుట్టి తలలోకి నెట్టి, చుట్టూ కూరి, నిచ్చెన కుట్టుతో మూసేయండి. చంక దగ్గర విడిపోయిన చోట అదే బట్ట ముక్క గుండ్రంగా కోసి, అంచు లోపలికి మడిచి, పైన మాసిక వేయండి. రెండో చంకకు కూడా వేసేయండి, అదీ ఎల్లుండో అవతల ఎల్లుండో విడిపోయేదే. వీపు మీద కుట్టు కాస్త వంకరగా కనిపిస్తే గౌను కప్పేస్తుంది.